త్యాగవీరుల చిత్తరువులు

(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ మందిరపు తూర్పు గోడ ఖాళీగా నున్నది. ఆ గోడకు ఒక పెద్ద పటము వ్రేలాడదీయవలెనని కార్యవర్గము నిశ్చయించినది గాని, ఏ పటమన్న విషయమున ఏకాభిప్రాయము కుదరలేదు. అమరజీవి పొట్టి శ్రీరాములుగారి పటమే యుండవలెనని కొందఱు, దేవుని పటముండుట శుభమని కొందఱు, ఎవరి పటమును వలదు, గడియారము చాలునని మఱికొందఱు అనిరి. ఇంతలో నాగపురమున చిత్రలేఖనము నేర్చుచున్న మన కుఱ్ఱవాడొకడు రూబెన్స్ అను ఐరోపా చిత్రకారుడు లిఖించిన ఒక రోమను సేనాని మరణచిత్రమును తెచ్చి చూపి, "స్వజనులకొఱకు ప్రాణమిచ్చిన వీరుని వారు ఇంత గొప్పగా చిత్రించినారు. ఇట్టిది మనకేది?" అని అడిగెను. దానికి సమాధానము చెప్పు పని పెద్దలు నాపై బెట్టిరి. నేను చిత్రకళాశాస్త్రము చదివినవాడను గాను. దినమంతయు తక్కెడ ముందర కూర్చుండువాడను. కావున నాకు తెలిసిన తూనికతోనే ఈ పటములను తూచి చూపెదను. పండితులకు అది మోటుగా తోచినచో మన్నింతురు గాక.

మొదట ఆ కుఱ్ఱవాడు చూపిన పటము సంగతి. పీటర్ పౌల్ రూబెన్స్ 1577లో జన్మించి, 1640లో ఆంట్వెర్ప్ నగరమున మరణించెను. అది నేటి బెల్జియము దేశములోని రేవుపట్టణము, పెద్ద వర్తకస్థానము. ఆ కాలపు చిత్రరీతిని బరోక్ అందురు. గుండ్రని రూపము కుదరక వంకరపోయిన ముత్యమునకు పోర్చుగీసువారు వాడిన మాటనుండి ఈ పేరు వచ్చినదని చెప్పుదురు. ఆ రీతిలో నిశ్చలముగా నిలిచియుండు వస్తువు అరుదు. గుఱ్ఱములు ముందుకాళ్ల నెత్తును, వస్త్రములు గాలికి ఎగురును, చీకటిలో ఒక్కచోట మాత్రము వెలుగు పడును. పురాణములనుండియు, ప్రాచీన చరిత్రలనుండియు ఘట్టములను దీసి వ్రాసిన పటమునకే ఆనాటి ఐరోపాలో అగ్రతాంబూలము. పండ్లను, పూలను, పశువులను వ్రాయుట దానికంటె తక్కువ పనిగా నెంచిరి.

మనవారు ఆసక్తితో వినదగిన విషయమొకటి కలదు. ఈ వీరచిత్రములను కోరి చేయించినది రాజు గాడు, మఠాధిపతి గాడు. 1616 నవంబరులో కుదిరిన ఒక వ్యాపారపు ఒప్పందమునుండి ఇవి పుట్టినవి. జెనోవా నగరపు వర్తకప్రముఖుడు ఫ్రాంకో కత్తానేయో ఒక పక్షము. ఆంట్వెర్ప్ వర్తకుడొకడును, బ్రస్సెల్స్ నగరపు నేతపనివాడు యాన్ రాస్ అనునతడును రెండవ పక్షము. గోడలకు వ్రేలాడదీయుటకై ఉన్నితోను పట్టుతోను నేసిన పెద్ద నేతచిత్రములు కావలెను, వాటికి నమూనాలను రూబెన్స్ వ్రాయవలెను. ఆ దినములలో అట్టి నేతచిత్రము, వ్రాసిన పటముకంటె ఎంతయో ఖరీదు గలది.

మగ్గము నెఱిగిన కుటుంబములవారు ఈ సభలో ఉన్నారు గనుక ఇంకొక్కమాట చెప్పెదను. నేతవాడు నమూనాను పడుగు క్రింద నుంచుకొని, వెనుకవైపునుండి నేయును. కావున నేసిన తెరను తిప్పి చూచినచో కుడి యెడమ యగును, ఎడమ కుడి యగును. ఇది తెలిసిన రూబెన్స్ తన నమూనాలను తలక్రిందు లెక్కతో వ్రాసెను. అందుచేతనే ఆ పటములలో వీరులు ఆయుధములను ఎడమచేత పట్టియుందురు. సామాన్యముగా ఇట్టి నమూనాలను కాగితముమీద వ్రాసి, పని ముగిసిన పిమ్మట ముక్కలుగా పోనిచ్చెడివారు. రూబెన్స్ వీటిని బట్టపైన తైలవర్ణములతో వ్రాయుటచే అవి నిలిచినవి. 1618లో ఒక ఆంగ్ల రాయబారికి వ్రాసిన లేఖలో ఆయన, ఈ పటముల సరియైన కొలతలకై బ్రస్సెల్స్‌కు వ్రాసెదననియు, అన్నియు అక్కడి పనిపెద్ద వశమున నున్నవనియు తెలిపినాడు. మహాచిత్రకారుడైనను కొలతలు, ఒప్పుదలలు, సరుకు ఎవరియొద్ద నున్నదన్న చింత తప్పలేదు. 1693లో లీక్టెన్‌స్టైన్ ప్రభువు ఆ పటములను కొనెను. ఆ వంశమువారి సంగ్రహమున వియన్నా నగరమందు అవి నేటికిని కలవు. అంతదూరము పోకయే ఇప్పుడు మన చేతిలోని ఫోనుమీదనే వాటిని చూడవచ్చును. అయితే మనిషి యెత్తున నున్న గుఱ్ఱమును బొటనవ్రేలంత చేసి చూచుట చూపు గాదని ఆ కుఱ్ఱవాడే అనెను. అది నిజమే.

ఇక కథ. రోము చరిత్రకారుడు లివీ వ్రాసినది. క్రీస్తుపూర్వము 340లో రోమనులకును, పొరుగువారైన లాటినులకును యుద్ధము జరిగెను. రోమను సేనకు ఇద్దఱు కాన్సలులు, అనగా ఏటేట ఎన్నికయగు అధినాయకులు. వారిలో నొకడు పుబ్లియస్ డేసియస్ మూస్, రెండవవాడు మాన్లియస్. ఒక రాత్రి ఇద్దఱికిని ఒకే కల వచ్చెను. ఒక పక్షమునుండి సేనాని, రెండవ పక్షమునుండి సేన యావత్తును పాతాళదేవతలకు భూమాతకు చెందవలసియున్నదని ఆ కలలో వినబడెను. ఎవని పార్శ్వము వెనుకంజ వేయునో వాడు ప్రాణమిచ్చునట్లు ఇద్దఱును మాట యనుకొనిరి. యుద్ధమున డేసియస్ పార్శ్వము వెనుకంజ వేసెను. అతడు పురోహితుని పిలిచి, తలపై ముసుగు వైచుకొని, ఈటెపై నిలిచి మంత్రము చెప్పి, గుఱ్ఱమెక్కి ఒంటరిగా శత్రువుల నడుమకు దూకి చచ్చెను. రోమనులు గెలిచిరి.

రూబెన్స్ ఈ కథను ఎట్లు పంచినాడో చూడుడు. కలను సైనికులకు చెప్పుట ఒక పటము. బలిపశువును పరీక్షించి పురోహితుడు శకునము చెప్పుట ఒకటి. వంచిన తలపై పురోహితుడు చేయి యుంచుట ఒకటి. తన అధికారచిహ్నములను మోయు భటులను డేసియస్ పంపివైచుట ఇంకొకటి. చావు ఒక్కటే పటము. అటుపిమ్మట అంత్యక్రియలు. చావుకంటె చావునకు ముందరి గడియలకే ఆయన ఎక్కువ బట్ట ఖర్చుచేసినాడు. నాకు అన్నిటికంటె నచ్చినది భటులను పంపివేయు పటము. అధికారమును వదలి, గుఱ్ఱమెక్కబోవుచున్న మనుష్యుడు. రక్తము లేదు, అఱుపు లేదు. త్యాగమంతయు అక్కడనే జరిగిపోయినది; తరువాతిది యుద్ధము మాత్రమే.

మన కుఱ్ఱవాడు చూపినది మాత్రము చావు పటము. అందులో గుఱ్ఱము లేచినది, ఈటె దిగినది, డేసియస్ ఒరిగిపోవుచు ఆకాశమువైపు చూచుచున్నాడు. మహాద్భుతమైన పని. కాని నేను వర్తకుడను. ఖాతా పుస్తకమున ఒకవైపు ఖర్చు కనబడినచో, ఆ సొమ్ము ఎవరి పేర జమ యైనదని వెదకుట నాకలవాటు. ఈ ప్రాణము ఎవరికొఱకు పోయినది? ఆ ప్రజలు, వారి పిల్లలు, వారి ఇండ్లు ఈ పటమున ఎక్కడ? నాకు కనబడలేదు. కనబడినవి కండలు, గుఱ్ఱములు, ఇనుము, ఒక ముఖము. అంత్యక్రియల పటమున మాత్రము జమ ఖాతా కనబడుచున్నది. శవము ముందర పట్టుబడిన బందీలు! డేసియస్ చెప్పిన మంత్రములో తనతోపాటు శత్రుసేనలను గూడ మృత్యువునకు ధారపోసినట్లు లివీయే వ్రాసియున్నాడు. తన ప్రాణమొక్కటే గాదు, పరుల ప్రాణములును ఆ లెక్కలో చేరినవి. రూబెన్స్ దానిని దాచలేదు, అది ఆయన నిజాయితీ. ఆయన స్వదేశమే యుద్ధము నడుమ పండ్రెండేండ్ల సంధికాలములో నుండగా ఈ పటములను వ్రాసెనని గుర్తుంచుకొనవలెను. ఆ సంధి 1609లో కుదిరి 1621లో ముగిసినది.

చేతిని నిప్పులో నుంచిన మూసియస్, గోతిలోనికి గుఱ్ఱముతో దూకిన కుర్టియస్, ఇచ్చిన మాటకై శత్రువులయొద్దకు తిరిగిపోయి చిత్రహింసకు గురియైన రెగులస్, వీరందఱును ఆ కాలపు చిత్రకారులకు ప్రియమైనవారే. వారి కథలకు ఇప్పుడు వేళ చాలదు.

"ఇట్టిది మనకేది?" అన్న ప్రశ్నకు వచ్చెదను. రూబెన్స్ కుంచె పట్టుటకు పదుమూడు శతాబ్దములకు పూర్వమే కృష్ణానది ఒడ్డున మన తెలుగు శిల్పులు ఇట్టి ఘట్టమును చెక్కియున్నారు. అమరావతి స్తూపమునందును, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి యైన నాగార్జునకొండయందును శిబి కథ శిల్పముగా నున్నది. నాగార్జునసాగరము నీటిలో ఆ లోయ మునుగకమున్ను 1954 మొదలు 1960 వఱకు అక్కడ త్రవ్వకములు సాగినవి. దొరికిన శిల్పములను కొండ శిఖరమునకు చేర్చిరి. ఆ శిఖరము ఇప్పుడు నీటి నడుమ దీవి. అక్కడి ప్రదర్శనశాల 1966లో తెరువబడినది. ఇక్కడినుండి పిల్లలను యాత్రకు గొనిపోవువారు శ్రీశైలముతోపాటు ఆ దీవిని కూడ లెక్కలో వేసికొనవలెను.

శిబి కథ మనకందఱకును తెలిసినదే. భారతమున అరణ్యపర్వమందు వచ్చును. డేగ తఱుమగా పావురము వచ్చి రాజు శరణు జొచ్చెను. డేగ, "ఇది నా ఆహారము, దీనిని దాచుట నన్నును, నా బిడ్డలను చంపుటయే" అని వాదించెను. డేగ మాటలో న్యాయమున్నది. రాజు ఆ న్యాయమును కాదనలేదు. పావురపు బరువునకు సరియైన మాంసమును తన యొడలినుండి కోసి యిచ్చెదనని ఒప్పుకొని తక్కెడ తెప్పించెను.

ఇక్కడ నా వృత్తి నన్ను మాటాడనిచ్చును. పావురము బరువెంత? పావుకిలోకు కొంచెము పైబడియుండును. రాజు తొడనుండి కోసి వేసిన మొదటి తునకకే ముల్లు తిరుగవలసినది. తిరుగలేదు. ఎంత వేసినను పావురమే బరువు. పావురము అగ్నియు, డేగ ఇంద్రుడునని మనము చిన్ననాడే వినియుంటిమి గనుక ఆశ్చర్యపడము. కాని తూకము దృష్టితో చూచినచో అది దొంగతూకమే గదా! అట్టి తక్కెడ నా దుకాణమున నున్నయెడల తూనికల శాఖవారు ముద్ర వేయరు సరిగదా, జుల్మానా వేయుదురు. శిబి మాత్రము తక్కెడతో తగవు పెట్టుకొనలేదు. తుదకు తానే పళ్లెములో కూర్చుండెను. బేరము మాటాడుకొన్న తరువాత సరుకు ధర పెరిగినను మాట తిరుగని వర్తకుని మీరు ఎందఱిని చూచియుందురు?

శిల్పి యేమి చేసినాడు? రాజు కూర్చుండి తన తొడను తానే కోసికొనుచుండ, తక్కెడయు పావురమును ఆ ఫలకమందే యుండునట్లు చెక్కినాడు. చుట్టునున్నవారు చూచి చలించిపోవుచున్నారు. నేను అడుగు జమ, ఖర్చు రెండును ఒకే రాతిపై నున్నవి. ఇచ్చువాడు, పొందునది, కొలత, సాక్షులు. ఇచ్చునది తన సొంత మూలధనమునుండియే గాని పొరుగువాని కొట్టునుండి గాదు. ఒక మేకను కోయించి డేగకు పడవేసినచో రాజునకు తేలికయే. అప్పుడు మేక యెవరితో మొఱపెట్టుకొనవలెను?

శిల్పము సరే, చిత్రలేఖనమేదని కుఱ్ఱవాడు అడుగునేమో. అజంతా మన మహారాష్ట్రమునందే యున్నది. మొదటి గుహలో శిబియు తక్కెడయు రంగులలో గలవు. ఆ గుహల వైభవము క్రీస్తుశకము అయిదవ శతాబ్దమున, మనము నివసించు ఈ విదర్భను ఏలిన వాకాటకుల కాలమున నడిచినది. వారిలో హరిషేణుని రాజధాని వత్సగుల్మము, అనగా నేటి వాశిం. పదునాఱవ గుహను చేయించిన ఆయన మంత్రి వరాహదేవుని శాసనమున ఆంధ్రదేశము పేరును వచ్చుచున్నది. కావున విదర్భకును తెలుగునకును ముడి మన తాతలతో పడినది గాదు.

పదునేడవ గుహలో మహాకపి జాతకమును జూడుడు. కోతులఱేడు తన మందను రాజభటుల బాణములనుండి తప్పించుటకై నదిపై తన శరీరమునే వంతెనగా చాచెను. కోతులన్నియు ఆ వీపుమీదుగా దాటిపోయినవి. అందులో నొకటి కావలెనని ఎగిరి దూకి, ఆ వీపును విఱుచును. రక్షింపబడినవారిలోనే ద్రోహి! సంఘములు నడిపినవారికి ఈ సంగతి క్రొత్త గాదు. (నవ్వులు.) కథలో మనసు కరగునది వేఱొకటి: కోతులను చంపవచ్చిన రాజే, ఆ చావునొందు కపిని క్రిందికి దింపించి ఉపచారము చేయును. శత్రువును మ్రింగకయే గెలిచిన త్యాగమిది. డేసియస్ మంత్రముతో పోల్చి చూచుకొనుడు.

మనవన్నియు మంచివి, వారివన్నియు చెడ్డవి అని నేను చెప్పుటలేదు. మన ఖాతాలను గూడ తెఱచి చూతము. శ్రీశైలమున పదునాలుగవ శతాబ్దమునందు రెడ్డిరాజు అనవేముడు వీరశిరోమండపమును కట్టించెను. భక్తులు ఆవేశముతో తలలను, నాలుకలను కోసికొని స్వామికి అర్పించిన చోటది. వారి ధైర్యము డేసియస్ ధైర్యమునకు తీసిపోదు. కాని ఆ ప్రాణమువలన ఏ పావురము బ్రతికినది? ఖర్చు వ్రాసియున్నది, జమ పేరు లేదు. భగవంతునికి మన తలలు లోటు గాదని నా నమ్మకము.

అంతకంటె కష్టమైనది సిరియాళుని కథ. తమిళదేశపు చిఱుతొండ నంబి కథ బసవపురాణమునకును, శ్రీనాథుని హరవిలాసమునకును ఎక్కినది. హరవిలాసమును అంకితము పొందిన అవచి తిప్పయ్యసెట్టి వర్తకుడు గనుక మన వైశ్యకుటుంబములవారికి ఆ కావ్యముపై అభిమానము మెండు. జంగమయ్య వేషమున వచ్చిన శివుడు నరమాంసము కోరగా, తండ్రి కొడుకునే కోసి వండించెను. తుదకు బిడ్డడు బ్రతికి వచ్చుననుట వేఱుసంగతి. వ్రతము తండ్రిది, మెడ కొడుకుది. ఒకరి పద్దు మఱియొకరి ఖాతాలో వ్రాసిన లెక్క ఇది. భక్తిలో నాకంటె పెద్దలు ఈ సభలో నున్నారు, వారు కోపగింతురేమో. అయినను పిల్లలు కూర్చుండి చదువుకొను ఈ గదిలో ఆ పటముండవలదని నా దృఢాభిప్రాయము. సతీశిలలపై గాజులతో ఎత్తిన చేతిని చూచినపుడును నాకిదే సందేహము. ఆ చేయి తనంత తాను లేచినదో, లేపబడినదో రాయి చెప్పదు.

వీరగల్లులు మాత్రము వేఱు. మరాఠీలో వీరగళ్ అందురు. దక్కను అంతట ఊరి వెలుపల నిలిచియుండును. క్రింది అంతరమున పోరు, నడుమ అప్సరసలు వీరుని గొనిపోవుట, పైన శివలింగము ముందర అతడు కూర్చుండుట, శిఖరమున సూర్యచంద్రులు. పశువులను దొంగలు తోలుకొనిపోవగా అడ్డపడి చచ్చినవానికి నిలిపిన రాయియైనచో, తఱుచు ఆ పశువులను గూడ క్రింద చెక్కుదురు. చదువురాని ఊరి శిల్పి, ఎవరికొఱకో అన్నది మఱవలేదు. రూబెన్స్ చావు పటములో నాకు కనబడని ఆవు ఇక్కడ కనబడుచున్నది.

ఇంకొక చిక్కున్నది. చిత్రకారునికి ఒక క్షణము కావలెను. కత్తి యెత్తిన క్షణము, గుఱ్ఱము లేచిన క్షణము. ఏండ్ల తరబడి నడిచిన త్యాగమునకు అట్టి క్షణము దొరకదు. మన ఊరి పొలిమేరలోని ఆనందవనమే చూడుడు. వకీలుగా పేరు సంపాదించిన బాబా ఆమ్టే 1949లో మహారోగి సేవా సమితిని స్థాపించి, భార్య సాధనాతాయితోను, కొలదిమంది కుష్ఠురోగులతోను ఆ రాతినేలను సాగుచేయుట మొదలిడెను. 2008 ఫిబ్రవరి 9న అక్కడనే కన్నుమూసెను. దాదాపు అఱువది సంవత్సరములు! ఏ దినమున వ్రాయవలెను పటము? బావి త్రవ్విన దినముననా, పంట వచ్చిన దినముననా? అక్కడ పొందినవారే పనివారు, వ్రేళ్లు లేని చేతులతో నూతులు, ఇండ్లు కట్టినవారు. రూబెన్స్ వంటివానికి అది లొంగదు. అందుచేత చిన్నదని యనుకొనరాదు.

శ్రీరాములుగారి విషయమును అట్టిదే. ఆయన 1901లో మద్రాసున జన్మించెను. బొంబాయిలోని విక్టోరియా జూబిలీ సంస్థలో చదివి, అక్కడనే రైల్వేలో ఉద్యోగము చేసెను. అనగా కొంతకాలము ఆయనయు మనవలె పరాయి భాష నడుమ బ్రతికిన తెలుగువాడే. 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి ఇంట నిరాహారదీక్ష పూని, డిసెంబరు 15 రాత్రి మరణించెను. ఏబదియెనిమిది దినములు. ఇందులో చిత్రకారునికి చిక్కు క్షణమేది? ఆకలిని ఏ రంగుతో వ్రాయగలరు? కావుననే మనకు దొరకు పటములలో ఒక సాధువైన ముఖము, మెడలో దండ మాత్రమే యుండును. ఎవరికొఱకో కనబడదు. ఆ వార్త విని రేగిన అలజడులలో పోలీసు కాల్పులకు బలియైనవారు అసలే కనబడరు.

ఎవరికొఱకని అడిగినచో, తెలుగువారికొఱకని మనము తడువుకొనక చెప్పుదుము. వరోరాలోని తెలుగువారికొఱకా? ఈ ప్రశ్న అడుగుట నాకు ఇష్టము గాదు గాని, గోడకు పటము పెట్టువారు అడుగక తప్పదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము ఏర్పడినవి. ఆ 1956 నవంబరు 1వ తేదీననే మన చాందా జిల్లా మధ్యప్రదేశమునుండి విడివడి బొంబాయి రాష్ట్రమున చేరినది. 1960 మే 1న మహారాష్ట్రమైనది. శ్రీరాములుగారి మరణముచే కదలిన బండియే దేశమంతట భాషలనుబట్టి గీతలు గీచినది. మరాఠీ సోదరులును తమ రాష్ట్రమునకై నూఱుమందికి పైగా ప్రాణములిచ్చిరి. ముంబయిలోని హుతాత్మా చౌక్ వారి గుర్తే. ఇట్లు ఎల్లవారి త్యాగములును ఫలించిన పిమ్మట, గీతకు ఇవతలనున్న మనము అల్పసంఖ్యాకులమైతిమి. 2014 జూన్ 2న తెలంగాణము ఏర్పడి తెలుగువారికి రెండు రాష్ట్రములైనను, మన వరోరా రెంటిలోను లేదు. ఇది ఫిర్యాదు గాదు. మరాఠీ మనకు అన్నము పెట్టిన భాష, మన పిల్లలు దానిలోనే ఆలోచించుచున్నారు. కాని వారిలో పెక్కుమంది తెలుగు మాటాడుదురు గాని తెలుగక్షరము చదువలేరు. ఈ గోడపై మనము పెట్టునది వారు చదువలేకున్నను చూడగలిగినది కావలెను. అందుకే ఇంత సేపు పటముల గుఱించి మాటాడితిని.

శ్రీరాములుగారి జీవితమున ఇంకొక ఘట్టమున్నది. ఆంధ్రరాష్ట్ర దీక్షకు ఆఱేండ్లు ముందు, 1946లో, నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయములోనికి హరిజనులను అనుమతింపవలెనని ఆయన నిరాహారదీక్ష చేసెను. ఇక్కడ, ఎవరికొఱకు అన్నది స్పష్టము. తనది గాని బాధకొఱకు, తన కడుపు మాడ్చుకొనుట. తక్కెడలో శిబివలె తానే కూర్చుండుట. దీనికి చిత్రకారుడు వ్రాయదగిన క్షణమును కలదు: ఆలయద్వారము తెఱచియున్నది, ఇన్నాళ్లు వెలుపల నిలిచినవారు గడపదాటుచున్నారు, ప్రక్కన బక్కచిక్కిన మనుష్యుడొకడు. అతని ముఖము పెద్దదిగా నుండనక్కఱలేదు.

కావున కార్యవర్గమునకు నా సూచన యిది. తూర్పుగోడకు ఒక్క పటము గాక రెండు పెట్టుదము. మొదటిది నాగార్జునకొండ శిబి ఫలకపు ఛాయాచిత్రమును పెద్దది చేయించినది. రెండవది ఆ ఆలయద్వార ఘట్టము. దీనిని నాగపురమున చదువుకొనుచున్న మన కుఱ్ఱవానిచేతనే వ్రాయింతము. బట్టకు, రంగులకు అగు ఖర్చు సంఘము భరింపవలెను. వాడు రూబెన్స్‌వలె గుఱ్ఱములను వ్రాయదలచినచో మన కథలో గుఱ్ఱములు లేవని ముందే చెప్పితిని. పటముల క్రింద పేరు తెలుగులోను మరాఠీలోను వ్రాయవలెను. మన యింటికి వచ్చు మరాఠీ పొరుగువారు శిబిని చూచి మన పిల్లలకంటె ముందే గుర్తుపట్టుదురనుటలో నాకు సందేహము లేదు. గడియారము కోరినవారి మాటయు కాదనను, దానిని దక్షిణపు గోడకు పెట్టవచ్చును.

వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు గోడను కొలిచెదము. కొలబద్ద నేను తెచ్చెదను. కుఱ్ఱవాడు తప్పక రావలెను, బట్ట కొనుటకు ముందు కొలతలు వాని చేతనే వ్రాయించుకొనవలసియున్నది.